కొలువు కోసం కడలి దాటే ముందు

(సమాఖ్య వార్షికోత్సవం సందర్భంగా హోసూరులో జరిగిన యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన విషయం 'విదేశాల్లో ఉద్యోగ అవకాశాలు'. అవకాశాలు బోలెడున్నాయి, ధైర్యంగా పోండి అని చెప్పి చప్పట్లు కొట్టించుకొని దిగిపోవచ్చు. దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. అందుకని దేశాలన్నీ చుట్టబెట్టకుండా ఒక్క ఊరు, సింగపూర్, తీసుకొని మాట్లాడతాను. మన పక్క పిల్లలు ఎక్కువగా అడిగేది ఆ ఊరి గురించే. చివర్లో దుబాయి గురించి రెండు మాటలు చెప్తాను.

సింగపూర్ మీద మనవాళ్ళకి ఆశ ఎందుకో నాకు తెలుసు. బెంగుళూరులో విమానం ఎక్కితే నాలుగున్నర గంటలు. ఆ దేశపు నాలుగు అధికార భాషల్లో తమిళం ఒకటి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బస్సులో కన్నడం మాట్లాడి పెరిగిన హోసూరు పిల్లోడికి అక్కడ రైలు స్టేషన్లో తమిళ అక్షరాలు కనిపిస్తే సొంత ఊరిలా ఉంటుంది. 1975 నుంచి అక్కడ సింగపూర్ తెలుగు సమాజం ఉంది, ఉగాది వస్తే కలుసుకోవడానికి మనుషులున్నారు. ఇదంతా నిజమే. అయితే భాష వచ్చినందుకు వీధిలో దారి దొరుకుతుంది గానీ ఉద్యోగం దొరకదు. ఉద్యోగం లెక్క వేరు. ఆ లెక్క ఏమిటో చెప్పడానికే ఈ రోజు వచ్చాను.

పని తెలిస్తే చాలదు

వలస మన నేతవాళ్ళకి కొత్త కాదు. నూలు ఎక్కడుంటే, గుడ్డ కొనేవాడు ఎక్కడుంటే అక్కడికి పోయినవాళ్ళం. తెలంగాణ నుంచి మన సోదరులు షోలాపూర్, భివండీ, ముంబై మిల్లులకి పోయి అక్కడే పేటలు పేటలుగా స్థిరపడ్డారు. ఆ రోజుల్లో పోయినవాణ్ణి అడిగేది ఒకటే: పని వచ్చునా? ముందుగా పోయిన బంధువు ఎవరో చెయ్యి పట్టుకొని తీసుకుపోతే, మగ్గం మీద కూర్చోబెట్టి చూస్తే తేలిపోయేది.

ఇప్పుడు సింగపూర్‌లో అలా కాదు. నీకు పని వచ్చు. కంపెనీ ఇంటర్వ్యూ చేసింది, నువ్వు నచ్చావు. అయినా నిన్ను పెట్టుకోవాలంటే ఆ కంపెనీ అక్కడి మానవ వనరుల మంత్రిత్వ శాఖకి దరఖాస్తు చేసి నీ పేరు మీద పాస్ తెచ్చుకోవాలి. దరఖాస్తు చేయవలసింది యజమాని, మనం కాదు. అందుకని ఉద్యోగం వెతికే ప్రతి పిల్లవాడూ మొదట వేసుకోవలసిన ప్రశ్న 'నాకు ఈ పని వస్తుందా' అని కాదు, 'ఈ కంపెనీకి నా పేరు మీద పాస్ వస్తుందా' అని. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకొని ఇంటికి పోతే నేను వచ్చిన పని అయినట్టే.

డిగ్రీ చదివి ఇంజనీరు, మేనేజరు, నిపుణుడు లాంటి పనులకి పోయేవాళ్ళకి ఇచ్చేది ఎంప్లాయ్‌మెంట్ పాస్. 2025 జనవరి నుంచి దీనికి నెలకి కనీసం 5,600 సింగపూర్ డాలర్ల జీతం ఉండాలి, బ్యాంకులు మొదలైన ఆర్థిక రంగంలో అయితే 6,200. ఇది చిన్న వయసు వాళ్ళకి. వయసు పెరిగేకొద్దీ ఈ గీత పైకి పోతుంది, 45 దాటినవాళ్ళకి 10,700 దాకా వెళుతుంది. కంపెనీ నాలుగు వేలు ఇస్తానని, నువ్వు సరే అన్నా, ఈ పాస్ రాదు. తక్కువకి చేస్తాను అనడం అక్కడ పనికిరాని బేరం.

డిప్లొమా చదివిన టెక్నీషియన్లకి ఎస్ పాస్ అని ఇంకొకటి ఉంది. 2025 సెప్టెంబరు నుంచి దానికి కనీస జీతం 3,300 డాలర్లు. దీనికి కోటా ఉంది: సేవల రంగంలో కంపెనీ మొత్తం సిబ్బందిలో నూటికి 10 మంది, ఫ్యాక్టరీల్లో, కట్టడాల్లో 15 మంది మించకూడదు. పైగా ఒక్కొక్కరి మీద నెలకి 650 డాలర్ల లెవీ యజమాని సర్కారుకి కట్టాలి. ఈ లెవీని పనివాడి జీతంలోంచి పట్టుకోవడానికి వీల్లేదు. 'లెవీలో సగం నువ్వు కట్టుకో' అని ఎవరన్నా అంటే ఆ ఆఫర్ అక్కడే వదిలెయ్యండి.

నలభై మార్కుల పరీక్ష

జీతం గీత దాటితే సరిపోదు. 2023 సెప్టెంబరు 1 నుంచి ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కి కొత్తగా దరఖాస్తు చేసేవాళ్ళకి కంపాస్ అనే మార్కుల పద్ధతి పెట్టారు. నెలకి 22,500 డాలర్లు, ఆపైన జీతం ఉన్నవాళ్ళలాంటి కొందరికి మాత్రం మినహాయింపు. మిగతావాళ్ళకి 40 మార్కులు రావాలి. నాలుగు పద్దులు, ఒక్కో పద్దుకి సున్నా, 10, లేదా 20.

మొదటిది జీతం. ఆ రంగంలో నీ వయసు స్థానికులని నూరుమందిని జీతం వరసలో నిలబెట్టారనుకోండి. నీ జీతం 65 మందిని దాటితే 10 మార్కులు, 90 మందిని దాటితే 20. రెండోది చదువు. గుర్తింపు ఉన్న డిగ్రీకి 10, వాళ్ళ జాబితాలో ఉన్న పెద్ద విద్యాసంస్థల డిగ్రీకి 20. మూడోది ఆ కంపెనీ నిపుణుల్లో నీ దేశం వాళ్ళు ఎంతమంది అన్నది. నూటికి అయిదుగురి కంటే తక్కువ ఉంటే 20 మార్కులు, 25 కంటే తక్కువ ఉంటే 10, 25 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే సున్నా. నాలుగోది ఆ రంగంలోని మిగతా కంపెనీలతో పోలిస్తే ఆ కంపెనీ స్థానికులకి ఎన్ని ఉద్యోగాలు ఇచ్చింది అన్నది.

ఇవి కాక ఆ దేశంలో మనుషుల కొరత ఉన్న పనుల జాబితా ఒకటి ఉంది. సైబర్ సెక్యూరిటీ, ఏఐ, నర్సింగ్ వంటివి అందులో ఉన్నాయి. నీ పని ఆ జాబితాలో ఉంటే అదనపు మార్కులు వస్తాయి. మన ఆడపిల్లలు నర్సింగ్ చదివినవాళ్ళు చాలామంది ఉన్నారు గదా, వాళ్ళు అక్కడి నర్సింగ్ బోర్డు నమోదు సంగతి కూడా ముందే చూసుకోవాలి.

ఇప్పుడు మూడో పద్దు దగ్గర కాసేపు ఆగుదాం. మన సంఘాలకి ఒక అలవాటుంది. పిల్లవాడు ఉద్యోగం వెతుకుతున్నాడంటే, 'మనోళ్ళు ఏ కంపెనీలో ఎక్కువగా ఉన్నారో అక్కడికి పంపించు' అంటాం. షోలాపూర్ కాలంలో అది మంచి సలహా. సింగపూర్ ఎంప్లాయ్‌మెంట్ పాస్ దగ్గర అదే సలహా ఎదురు తిరుగుతుంది. లెక్క చూడండి.

బర్గూరు ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి హోసూరు సిప్కాట్‌లో నాలుగేళ్ళు పనిచేసిన కుర్రాడు ఉన్నాడనుకుందాం. జీతం పద్దులో 10, చదువు పద్దులో 10. భారతీయులు నూటికి నలభై మంది ఉన్న పెద్ద కంపెనీలో చేరబోతే మూడో పద్దులో సున్నా. నాలుగో పద్దులో 10 వచ్చినా మొత్తం 30. పాస్ రాదు. అదే కుర్రాడు, అదే జీతం, భారతీయులు అరుదుగా ఉన్న కంపెనీ అయితే మూడో పద్దులో 20. మొత్తం 50. పాస్ అయ్యాడు. చదువు మారలేదు, తెలివి మారలేదు, కంపెనీ మారింది అంతే.

చిన్న కంపెనీ సంగతి ఇంకా ఉంది. నిపుణులు 25 మంది కంటే తక్కువ ఉన్న కంపెనీకి మూడు, నాలుగు పద్దుల్లో చెరి 10 మార్కులు వాటంతట అవే వేస్తారు. జీతంలో 10, చదువులో 10 ఉంటే సరిగ్గా 40. కాబట్టి పేరు తెలియని చిన్న కంపెనీ అని తోసిపారేయకండి. పేరున్న కంపెనీ గేటు దగ్గర వెయ్యిమంది ఉంటారు, చిన్న కంపెనీ దగ్గర పదిమంది ఉంటారు.

అలాగని అక్కడున్న మనవాళ్ళతో పని లేదని కాదు. ఏ రంగంలో ఖాళీలున్నాయి, ఏ కంపెనీ పాస్‌లు తీసుకొస్తుంది, గది అద్దె ఎంత, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు అనేవి వాళ్ళని అడగాలి. వాళ్ళ కంపెనీలోనే కూర్చోబెట్టమని మాత్రం పట్టుబట్టకూడదు.

ఈ లెక్క వేసుకోవడానికి ఎవరికీ పైసా ఇవ్వక్కరలేదు. ఆ మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్లోనే పాస్ వచ్చే అవకాశం ఉందో లేదో చూసుకొనే ఉచిత సాధనం ఉంది. పడుగు పోసే ముందు పోగులు లెక్కపెట్టుకోని నేతగాడు ఉంటాడా? అలాగే పది కంపెనీలకి రాసే ముందు ఒక గంట ఆ లెక్క వేసుకోండి.

ఈ నిబంధనలన్నీ మన మీద కక్షతో పెట్టినవని అనుకోకండి. మన సిప్కాట్‌లో ఒడిశా, బీహార్ పిల్లలు పనిచేస్తుంటే 'స్థానికులకి ఏవీ ఉద్యోగాలు' అని ఇక్కడ మనమే అడుగుతున్నాం గదా. అక్కడి తల్లిదండ్రులు కూడా అదే అడుగుతారు. అందుకే అక్కడ కంపెనీ విదేశీయుడి కోసం దరఖాస్తు చేసే ముందు ఆ ఉద్యోగాన్ని సర్కారు ఉద్యోగాల పోర్టల్లో 14 రోజులు ప్రకటించాలి, స్థానికులని న్యాయంగా పరిశీలించాలి. మరీ చిన్న కంపెనీలకి, మరికొన్నిటికి మినహాయింపులున్నాయి. రెండు వారాలు జవాబు రాలేదంటే కారణం ఇది కూడా కావచ్చు. కంగారు పడి మధ్యవర్తుల కోసం పరుగెత్తకండి.

కాగితాలు, ఇనిషియల్

మన తమిళనాడు తెలుగువాళ్ళకే ఉన్న ఒక చిక్కు చెప్తాను. మనకి ఇంటిపేరు ఇంట్లో ఉంటుంది, బడి రిజిస్టరులో ఉండదు. మార్కుల జాబితాలో ఒక ఇనిషియల్, పాస్‌పోర్ట్‌లో తండ్రి పేరు పూర్తిగా, ఆధార్‌లో మరో రకం, అనుభవ పత్రంలో ఇనిషియల్ ముందుకి బదులు వెనక. ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. అక్కడ డిగ్రీ మార్కులు అడుగుతున్నప్పుడు దాన్ని ధ్రువీకరణ సంస్థ ద్వారా రుజువు చేయాలి. పేరు ఒకటి కాకపోతే ఆ పని వారాల తరబడి ఆగుతుంది. కాబట్టి ఉద్యోగం వెతకడం మొదలుపెట్టిన రోజే అన్ని కాగితాల్లో పేరు ఒకేలా ఉందా అని చూసుకోండి. లేకుంటే ఇక్కడ ఉన్నప్పుడే సరిచేయించుకోండి.

బయోడేటా కూడా మన పద్ధతిలో వద్దు. తండ్రి పేరు, కులం, మతం, పెళ్ళి అయిందా లేదా, ఇవేవీ అక్కర్లేదు. రెండు పేజీల్లో నువ్వు చేసిన పని అంకెల్లో రాయి. 'ప్రొడక్షన్ చూసుకున్నాను' అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఎన్ని మెషీన్లు, షిఫ్టుకి ఎంతమంది, రిజెక్షన్ ఎంత నుంచి ఎంతకి తగ్గించావు అని రాస్తే తెలుస్తుంది. పాస్ అవసరమని, నోటీసు పీరియడ్ ఎన్ని రోజులని దాచకుండా రాయి. మూడు నెలల నోటీసు అంటే అక్కడివాళ్ళు వెనక్కి తగ్గుతారు, ముందే మీ కంపెనీతో మాట్లాడుకో. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ పది గంటల ఇంటర్వ్యూ అంటే మనకి పొద్దున ఏడున్నర. ఇది మరిచి ఇంటర్వ్యూలు పోగొట్టుకునేవాళ్ళున్నారు.

విజిట్ వీసా మీద పోయి వెతుక్కుంటాను అనేవాళ్ళకి ఒక మాట. ఇంటర్వ్యూలకి హాజరు కావచ్చు. ఒక్క రోజు కూడా పని చేయకూడదు, 'ట్రయల్' అని చెప్పినా చేయకూడదు. అక్కడ గదిలో ఒక మంచానికే నెలకి కొన్ని వందల డాలర్లు. ఇంటర్వ్యూలు ముందుగా ఖాయం చేసుకోకుండా ఊరికే పోతే మూడు వారాల్లో చేతిలో డబ్బు అయిపోతుంది. ఇంటర్నెట్ మీదనే మొదటి రెండు రౌండ్లు అవుతున్న ఈ రోజుల్లో హోసూరులో కూర్చొని వెతకడమే మేలు.

అప్పు చేసి పోతే

ఇప్పుడు అసలైన విషయం. ఇది పిల్లలకంటే తల్లిదండ్రులు వినవలసింది.

కూలి మగ్గం సంగతి మనకి ఒకరు చెప్పనక్కర్లేదు. మాస్టర్ వీవరు దగ్గర అడ్వాన్సు తీసుకున్న ఇల్లు ఆ అప్పు తీరేదాకా ఇంకో చోటికి పోలేదు. కూలి తక్కువైనా, మాట పడినా, ఆ మగ్గం మీదనే కూర్చోవాలి. మన పెద్దలు ఆ కట్టు తెంచుకోవడానికే పిల్లల్ని చదివించారు.

ఏజెంటుకి ఇవ్వడానికి అయిదారు లక్షలు వడ్డీకి తెచ్చి పిల్లవాణ్ణి పంపిస్తే మళ్ళీ అదే కట్టు కడుతున్నాం. అక్కడ పాస్ కంపెనీకి ముడిపడి ఉంటుంది. ఉద్యోగం మానేస్తే యజమాని పాస్ రద్దు చేస్తాడు, మామూలుగా 30 రోజులు ఉండనిస్తారు, ఆ లోపల ఇంకొకటి దొరకకపోతే ఇంటికి రావాలి. అప్పు లేనివాడు చెడ్డ కంపెనీని వదిలి వచ్చేస్తాడు. అప్పు ఉన్నవాడు చెప్పిన జీతంలో సగమే ఇచ్చినా నోరు మూసుకొని పడి ఉంటాడు. ఫోన్లో అమ్మకి 'బాగున్నాను' అంటాడు.

చట్టం ఏం చెబుతుందో వినండి. సింగపూర్‌లో ఉద్యోగం ఇచ్చినందుకు యజమాని పనివాడి దగ్గర డబ్బు తీసుకోవడం నేరం. అక్కడి లైసెన్సు ఉన్న ఏజెన్సీ కూడా ఒప్పందంలోని ఒక్కో సంవత్సరానికి ఒక నెల జీతం చొప్పున, ఎంత చేసినా రెండు నెలల జీతం మించి తీసుకోకూడదు. మన దేశంలో 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంట్లే విదేశాలకి మనుషుల్ని పంపాలి. వాళ్ళు తీసుకోగలిగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతే. ఏజెంటు రిజిస్ట్రేషన్ ఉందో లేదో కేంద్ర సర్కారు ఈ-మైగ్రేట్ పోర్టల్లో చూసుకోవచ్చు. లక్షల్లో అడిగాడంటే అడిగిన ఆ నోటితోనే వాడు ఎవడో చెప్పేశాడు.

మరో సంగతి. మనం మాట్లాడేది తెలుగైనా మన రాష్ట్రం తమిళనాడు. విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్న ప్రవాసుల పథకాలు చూసి మనకీ వర్తిస్తాయి అనుకుంటాం. మనం తట్టవలసిన తలుపు చెన్నైలో ఉంది. రాష్ట్ర సర్కారే నడిపే ఓవర్సీస్ మాన్‌పవర్ కార్పొరేషన్ 1978 నుంచి అక్కడ ఉంది, విదేశాలకి మనుషుల్ని ఎంపిక చేసి పంపుతుంది. మన జిల్లాలో దాని పేరు తెలిసినవాళ్ళు తక్కువ. ప్రైవేటు ఏజెంటు పేరు తెలియనివాళ్ళు లేరు.

దుబాయి పోయేవాళ్ళకి కూడా ఇదే వర్తిస్తుంది. అక్కడ 2021లో వచ్చిన కార్మిక చట్టం ప్రకారం నియామకం ఖర్చు యజమానే పెట్టుకోవాలి, పనివాడి దగ్గర వసూలు చేయకూడదు. విజిట్ వీసా మీద పని చేయడం నేరం. పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్ట్ మీద ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలని ఉంటుంది. అలాంటివాళ్ళు యూఏఈ, సౌదీ, మలేషియా సహా 18 దేశాలకి పనికి పోవాలంటే ముందుగా ఆ అనుమతి తీసుకోవాలి. ఏజెంటు 'టూరిస్టుగా పో, అక్కడ మార్చేస్తాం' అంటున్నాడంటే ఆ రక్షణ లేకుండా నిన్ను దాటిస్తున్నాడని అర్థం.

థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ, కంప్యూటర్ పని, పెద్ద జీతం అనే మెసేజీలు ఫోన్లకి వస్తుంటాయి. ఇలా పిలిచి మయన్మార్ సరిహద్దులోకి తరలించి, జనాన్ని మోసం చేసే పని బలవంతంగా చేయిస్తున్నారని మన విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించింది. ఐటీ చదివిన పిల్లలే అందులో చిక్కుకున్నారు. చదువుకున్నవాడు మోసపోడు అనుకోకండి.

సమాఖ్యకి నా మనవి

చివరిగా మన పెద్దలకి మూడు మనవులు.

ఒకటి. విదేశాల్లో పనిచేస్తున్న మన హోసూరు, కృష్ణగిరి పిల్లలు ఎవరెవరు ఏ రంగంలో ఉన్నారో, వాళ్ళ అనుమతితో ఒక జాబితా సమాఖ్య దగ్గర పెట్టండి. సిఫారసు కోసం వద్దు. నెలకి ఒక ఆదివారం ఫోన్లో అరగంట సందేహాలు తీర్చితే చాలు.

రెండు. ఏ ఇంట్లోనైనా పిల్లవాడికి విదేశీ ఆఫర్ లెటర్ వస్తే, ఒక్క రూపాయి కట్టే ముందు ఆ కాగితం తీసుకొచ్చి సమాఖ్యలో ఇద్దరు తెలిసినవాళ్ళకి చూపించే ఏర్పాటు చేయండి. కంపెనీ నిజమా, జీతం ఆ పాస్ గీత దాటిందా, ఏజెంటుకి రిజిస్ట్రేషన్ ఉందా, పాస్ మంజూరు లెటర్ మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్లో కనిపిస్తోందా. నాలుగు ప్రశ్నలు, ఒక పూట పని. పెళ్ళి సంబంధానికి నాలుగిళ్ళలో విచారిస్తాం, దీనికి ఎందుకు విచారించం?

పెళ్ళి మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. అక్కడ భార్యని వెంట పెట్టుకోవాలంటే నెలకి కనీసం 6,000 డాలర్ల జీతం ఉండాలి. 'సింగపూర్ సంబంధం' అని మురిసిపోయే ముందు ఆడపిల్ల తల్లిదండ్రులు ఇది కూడా అడగండి.

మూడు. తిరిగి వచ్చినవాణ్ణి చులకనగా చూడకండి. పాస్ రెన్యూ కాలేదు, కంపెనీ మూతపడింది, లేదా వెతికి వెతికి దొరకలేదు. వచ్చాడు. వీధిలో 'ఏమైంది, ఎందుకొచ్చేశావు' అని పదిమంది పదిసార్లు అడుగుతారు. ఆ ప్రశ్నకి భయపడే చాలామంది చెడ్డ చోట ఉండిపోతున్నారు. పిల్లల్ని పంపించేటప్పుడే ఇంట్లో ఒక మాట చెప్పి పంపండి: 'బాగుంటే ఉండు, బాగా లేకుంటే వచ్చెయ్యి, ఇంటి తలుపు తీసే ఉంటుంది.' ఏ ఏజెంటూ ఇవ్వలేని ధైర్యం అది.

పిల్లలారా, పోవద్దని నేను అనలేదు. పోండి. లెక్క చూసుకొని పోండి, అప్పు లేకుండా పోండి, సొంత కాగితాలతో సొంత కాళ్ళ మీద పోండి. అలా పోయినవాడు అక్కడ తల ఎత్తుకొని బేరమాడతాడు, రావాలనుకున్నప్పుడు వస్తాడు.

 భోజనాల తర్వాత బయట వేపచెట్టు కింద ఉంటాను. ఆఫర్ లెటర్లు, బయోడేటాలు ఉన్నవాళ్ళు తీసుకురండి, కలిసి చూద్దాం.